నాగసాకిలో ఓడ ఒక్క పగలే ఆగుతుంది: అమ్మానాన్నలతో, పిల్లాడితో ఏం చూడొచ్చు?

చీపురుపల్లి అమ్మాయి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. మా తమ్ముడు సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాన్న రిటైరయ్యారని మా అందరికీ క్రూయిజ్ టిక్కెట్లు తీశాడు. సిరిమానోత్సవం చూసుకుని నవంబరు మొదట్లో బయలుదేరతాం. యోకోహామాలో ఓడ ఎక్కి, కొరియాలో బుసాన్ చూసి, తిరుగు దారిలో నాగసాకిలో ఆగుతాం. పొద్దున్న 8కి ఓడ రేవుకి చేరుతుందట, సాయంత్రం 5కి కదిలిపోతుందట.

వెళ్ళేది ఐదుగురం. అమ్మ, నాన్న, మా ఆయన, నేను, ఐదో తరగతి చదువుతున్న మా బాబు. అణుబాంబు పడిన చోటు చూడాలని నాన్నకి ఎప్పటినుంచో పట్టుదల. రైల్వేలో పనిచేసే రోజుల నుంచీ ఆగస్టులో పేపర్లో హిరోషిమా, నాగసాకి గురించి ఏం పడినా కత్తిరించి ఫైల్లో పెట్టుకునే మనిషి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ మెట్లు ఎక్కలేదు. శాకాహారం, గుడ్డు కూడా తినదు. మా ఆయనకి కొండ మీద పాత బంగ్లాలు ఉన్న తోట చూడాలని ఉంది.

ఓడవాళ్ళు అమ్మే బస్సు టూర్ తీసుకోవాలా, మనంతట మనం తిరగొచ్చా? టూర్ కాగితంలో ఐదారు చోట్లు రాశారు కానీ ఐదుగురికీ లెక్క వేస్తే చాలా అవుతోంది. పదేళ్ళ పిల్లాడిని బాంబు మ్యూజియంలోకి తీసుకెళ్ళొచ్చా? అమ్మ తిండి సంగతి ఏమిటి? మనం ఆలస్యమైతే ఓడ వదిలేసి పోతుందని మా ఆయనకి ఇప్పటినుంచే టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే కాస్త వివరంగా చెప్పండి.

అరసవల్లి టీచరమ్మ

తల్లీ, నేను శ్రీకాకుళం జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు తీసుకెళ్తే ఇలాగే ఓడలో వెళ్ళి ఒక పగలు నాగసాకి చూశాను. మీ నాన్నగారు పేపరు ముక్కలు దాచుకుంటారని చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

బస్సు టూర్ వద్దు. చాలా రేవుల్లో ఓడ ఎక్కడో గోదాముల మధ్య ఆగుతుంది, అక్కడినుంచి ఊళ్ళోకి రావడానికే బస్సు కావాలి. నాగసాకి అలా కాదు. మత్సుగాయె టెర్మినల్ ఊళ్ళోనే ఉంది. గేటు దాటితే రోడ్డు, కొంచెం నడిస్తే ట్రామ్ స్టాపు. టూర్ బస్సు ఐదారు చోట్లు చూపిస్తుంది, నిజమే. కానీ మీ నాన్నగారు ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన చోట కూడా గైడు జెండా ఎత్తగానే బయటికి వచ్చేయాలి. ఆ ఒక్క కారణం చాలు నాకు.

ఓడ దిగగానే దగ్గర్లో కనిపించేవాటి జోలికి పోకుండా నేరుగా ఉత్తరాన ఉరకామికి వెళ్ళండి. ఎందుకో చెప్పాలంటే ఊరు ఎలా ఉంటుందో చెప్పాలి.

నాగసాకిలో సముద్రం సన్నగా లోపలికి చొచ్చుకుని వస్తుంది. అది ఆగిన చోట రెండు నదుల లోయలు, మధ్యలో కొండలు. నకషిమా నది లోయలో పాత ఊరు. ఉరకామి నది లోయ దానికి ఉత్తరాన. 1945 ఆగస్టు 9న అమెరికా విమానం మొదట వెళ్ళింది కొకుర అనే ఊరి మీదికి, అక్కడి ఆయుధ కర్మాగారం కోసం. ఆ పొద్దు అక్కడ మబ్బూ పొగా కమ్మేసి గురి దొరకలేదు. ఇంధనం తగ్గిపోతుంటే నాగసాకికి మళ్ళారు. ఇక్కడా మబ్బే. కాస్త విడిన చోట వదిలారు. 11 గంటల 2 నిమిషాలకి, నేలకి సుమారు 500 మీటర్ల ఎత్తున పేలింది. అనుకున్న చోటు నడి ఊరు, పేలింది ఉరకామి లోయ మీద. మధ్యలో కొండలు అడ్డు ఉండటం వల్ల రేవు పక్కనున్న పాత బంగ్లాలూ, ఓరా చర్చీ దెబ్బతిన్నా కూలకుండా నిలబడ్డాయి. ఉరకామిలో నిలిచింది దాదాపు ఏమీ లేదు. ఆ ఏడాది ఆఖరుకి చనిపోయినవాళ్ళు 73,884 మంది అని నగరం లెక్క.

అంటే మీరు ఓడ దిగేది మిగిలిన ఊళ్ళో. ట్రామ్ ఎక్కి అరగంట పోతే మిగలని ఊరు. పొద్దున్నే, కాళ్ళలో ఓపిక, మనసులో ఓపిక ఉండగానే అక్కడికి చేరుకోవాలి. సాయంత్రానికి వాయిదా వేస్తే చెయ్యి గడియారం మీదే ఉంటుంది, కళ్ళు దేని మీదా నిలవవు.

రేవు దగ్గర 5వ నంబరు ట్రామ్ ఎక్కి, చైనాటౌన్ స్టాపులో దిగి, అకసకో వైపు వెళ్ళే 1వ నంబరు ఎక్కండి. అణుబాంబు మ్యూజియం పేరుతోనే స్టాపు ఉంది. అక్కడినుంచి మ్యూజియంకి కొన్ని నిమిషాల ఎగువ దారి. మీ అమ్మగారిని మెల్లగా నడిపించండి, లోపలికి వెళ్ళాక లిఫ్టు ఉంది. వీల్‌ఛైర్లలో వచ్చిన ముసలివాళ్ళని చాలామందిని చూశాను.

లోపల మొదట్లోనే 11:02 దగ్గర ఆగిపోయిన గోడ గడియారం ఉంటుంది. తర్వాత ఉరకామి చర్చి గోడ కూలిపోయాక ఎలా ఉండేదో అలాగే కట్టి పెట్టారు. ఆ చర్చి కథ మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. క్రైస్తవ మతం మీద రెండు వందల ఏళ్ళకి పైగా ఉన్న నిషేధంలో దాక్కుని నమ్మకాన్ని కాపాడుకున్న పేద రైతులు, నిషేధం పోయాక ఏళ్ళ తరబడి చందాలు పోగుచేసి కట్టుకున్న గుడి అది. బాంబు దానికి అర కిలోమీటరు దూరంలో పేలింది. ఆ పేటలో ఉన్న సుమారు 12,000 మంది క్రైస్తవుల్లో 8,500 మంది దాకా పోయారంటారు. చర్చిని 1959లో మళ్ళీ కట్టారు. రెండు గోపురాల్లో ఒకదాని గంట శిథిలాల్లో దొరికింది, రెండోది పగిలిపోయింది. ఆ రెండో గోపురానికి అమెరికా కాథలిక్కులు చందాలు వేసుకుని కొత్త గంట చేయించి ఇచ్చారు. 80 ఏళ్ళు నిండిన రోజున, 2025 ఆగస్టు 9న, 11:02కి రెండు గంటలూ కలిసి మోగాయి. మ్యూజియం చూశాక అటు నడవగలిగితే తప్పకుండా వెళ్ళండి. మీ అమ్మగారికి మాత్రం ఆ ఎత్తు కష్టం.

ఇక బాబు సంగతి. తీసుకెళ్ళండి. నేను వెళ్ళిన రోజు వాడి వయసు జపాన్ పిల్లలు బడి నుంచి వరసలు కట్టి వచ్చారు, చేతిలో నోటుపుస్తకాలు, మెడలో నీళ్ళ సీసాలు. వాళ్ళ టీచర్లు ప్రతి బొమ్మ దగ్గరా ఆపడం లేదు. కొన్నిచోట్ల ఆగుతున్నారు, కొన్నిచోట్ల నడిపించేస్తున్నారు. మీరూ అలాగే చేయండి. కాలిన మనుషుల ఫోటోలు ఉన్న భాగం ఉంది, అక్కడ చెయ్యి పట్టుకుని తొందరగా దాటించండి, వాడంతట వాడు ఆగితే మాత్రం లాగకండి. ముందు రోజు రాత్రే ఓడలో కూర్చోబెట్టి ఏం చూడబోతున్నాడో చెప్పండి. పిల్లలు చూసినదానికంటే, చెప్పకుండా చూపించినదానికే ఎక్కువ భయపడతారు. ఇది బడిలో నాకు బాగా తెలిసిన సంగతి.

ఒక అద్దం పెట్టెలో బడిపిల్ల లంచ్ బాక్సు ఉంది. లోపల అన్నం బొగ్గయిపోయి అలాగే ఉంది. అక్కడ వాడితో కాసేపు నిలబడండి.

నాకు అక్కడ మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. ఆవిడ కాపురం విశాఖలో. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. జనం దొరికిన బండి ఎక్కి, బండి దొరకనివాళ్ళు కాలినడకన ఊళ్ళు పట్టారు. అమ్మమ్మ, పసిపిల్లగా ఉన్న మా అమ్మని చంకనేసుకుని విజయనగరం అవతల బంధువుల పల్లెకి పోయింది. పొయ్యి మీద గంజి అలాగే వదిలేసి వచ్చానని పోయేదాకా చెప్పేది. మా ఇంట్లో జపాన్ అంటే ఆ రోజే. ఆ కథ వింటూ పెరిగినదాన్ని. ఆ మాడిన అన్నం ముందు నిలబడితే మా అమ్మమ్మ వదిలేసిన గంజి కూడా అక్కడే ఉన్నట్టు అనిపించింది. ఎవరు ఎవరి మీద వేశారన్నది చరిత్ర పుస్తకంలో చెప్పాలి, నేనే ఎన్నో ఏళ్ళు చెప్పాను. జపాన్ చేసిన యుద్ధం గురించి కూడా అక్కడ కొంత రాశారు, ఇంకా రాయాలనే నా అభిప్రాయం. కానీ ఆ డబ్బా ఒక తల్లి పొద్దున్నే లేచి కట్టిచ్చిన డబ్బా. మీ నాన్నగారితో, బాబుతో కలిసి మూడు తరాలు దాని ముందు నిలబడబోతున్నారు. దానికి గడియారం అడ్డు రాకూడదని నా తాపత్రయం.

మ్యూజియం నుంచి కిందికి నడిస్తే బాంబు సరిగ్గా ఏ చోటి మీద పేలిందో అక్కడ నల్లరాతి స్తంభం ఉంది. చుట్టూ చెట్లు. అది దాటి ఎదురు గుట్ట మీద శాంతి పార్కు. ఎస్కలేటర్ ఉంది, అమ్మగారికి ఇబ్బంది లేదు. పార్కులో పెద్ద కంచు విగ్రహం, 1955లో కితమురా సెయిబో అనే శిల్పి చేసినది. పైకెత్తిన కుడి చెయ్యి బాంబు వచ్చిన ఆకాశాన్ని చూపిస్తుంది, పక్కకి చాచిన ఎడమ చెయ్యి శాంతిని. అందరూ అక్కడే ఫోటోలు దిగుతారు. నా మనసుకి పట్టింది ఈ చివరనున్న ఫౌంటెన్. ఆ రోజు దాహంతో తల్లడిల్లిన ఒక తొమ్మిదేళ్ళ పాప మాటలు దాని ముందు రాయి మీద చెక్కారు. నీళ్ళ మీద నూనెలాంటిది తేలుతోందనీ, ఆగలేక అలాగే తాగేశాననీ. నీళ్ళు నీళ్ళు అంటూ పోయినవాళ్ళ కోసం ఆ ఫౌంటెన్ కట్టారు.

మధ్యాహ్నం 1 దాకా ఉరకామికే ఇచ్చేయండి. మిగతాది ఎంత దొరికితే అంత.

సోంపేట సీమాన్

అక్కా, టీచర్ గారు చూడాల్సింది చెప్పారు, నేను ఓడ సంగతి చెప్తాను. నేను క్రూయిజ్ ఓడల్లోనే పనిచేస్తున్నాను. మా సోంపేట, కవిటి, పలాస వైపు కుర్రాళ్ళు ఈ లైనులో చాలామంది ఉన్నాం.

ముందు వీసా. మీరు యోకోహామాలో జపాన్‌లోకి దిగుతారు, అక్కడినుంచి కొరియా వెళ్ళి మళ్ళీ నాగసాకిలో జపాన్‌లోకి వస్తారు. అంటే రెండుసార్లు ప్రవేశం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఇచ్చే టూరిస్టు ఈ-వీసా ఒక్కసారి ప్రవేశానికే. కాబట్టి రెండుసార్లకి లేదా మల్టిపుల్ వీసా అడగాలి. అప్లికేషన్‌తో పాటు ఓడ ఏ రోజు ఏ రేవులో ఉంటుందో ఆ కాగితం జతచేయండి. కొరియాకి ఏం కావాలో ఓడ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. ఎక్కేటప్పుడు కౌంటర్లో నోటిమాట చెల్లదు.

8 గంటలకి చేరుతుంది అంటే 8కి దిగిపోతామని కాదు. తాళ్ళు కట్టాలి, మెట్లు వేయాలి, అధికారులు క్లియర్ చేయాలి. విదేశం నుంచి వస్తున్న ఓడ కాబట్టి అక్కడ ఇమిగ్రేషన్ ఉంటుంది, వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు. పెద్ద ఓడైతే వేలమంది ఒకేసారి దిగుతారు. 9 లేదా 9:30కి గేటు బయట ఉంటామనుకుని ప్లాన్ వేసుకోండి. దిగడానికి నంబర్ల చీటీలు ఇస్తే ముందు రోజే తెచ్చుకోండి.

తిరిగి ఎక్కాల్సిన టైము 5 కాదు. ఓడ కదిలే టైముకి అరగంటో గంటో ముందే అందరూ లోపల ఉండాలి. ఏ టైమో ఆ రోజు ఓడలో ఇచ్చే కాగితంలో, దిగే చోట బోర్డు మీద రాస్తారు. ఫోటో తీసుకోండి. బావగారి టెన్షన్ గురించి: ఓడ కంపెనీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు. ఇది నిజం, దాచడం ఎందుకు. కానీ నాగసాకిలో ట్రామ్ ఆగిపోయినా టాక్సీ ఉంది, చివరికి నడిచి రాగలిగే దూరంలో ఊరు ఉంది. 3:30కి రేవు చుట్టుపక్కలకి వచ్చేస్తే ఏ భయమూ లేదు. కొరియాకీ జపాన్‌కీ టైము ఒకటే కాబట్టి గడియారం మార్చే గొడవ లేదు. ఫోన్ మాత్రం ఇండియా టైములో వదిలేయకండి, మూడున్నర గంటలు వెనక ఉంటుంది.

ఓడ కార్డు, పాస్‌పోర్టు ఒకే చోట పెట్టకండి. పాస్‌పోర్టు ఓడవాళ్ళే ఉంచుకుంటే వాళ్ళు ఇచ్చిన కాగితం దగ్గర పెట్టుకోండి. టెర్మినల్ పేరు జపాన్ లిపిలో ఉన్న బోర్డుని దిగగానే ఫోటో తీయండి, టాక్సీ డ్రైవరుకి అదే చూపించొచ్చు. మామూలు టాక్సీలో నలుగురే పడతారు, మీరు ఐదుగురు, కాబట్టి రెండు కావాలి. వెనక తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది, లాగకండి. టిప్పు ఇవ్వక్కర్లేదు, ఇస్తే వాళ్ళే ఇబ్బంది పడతారు.

తిండి విషయం జాగ్రత్త అక్కా. నాగసాకిలో అందరూ చెప్పే చాంపన్ నూడుల్స్‌లో పంది మాంసం, రొయ్యలు, పులుసు అంతా ఎముకల రసం. కూరగాయలవి అడిగినా పులుసు అదే. కస్తెల్లా కేకులో గుడ్లే ఎక్కువ, పెద్దమ్మకి పనికిరాదు. ఓడలో గట్టిగా టిఫిన్ చేయించండి. మన ఇండియన్ శాకాహారం కావాలని బుకింగ్ టైములోనే రాయిస్తే చేసి పెడతారు. ఒడ్డుకి పళ్ళు, మాంసం, వండిన తిండి తీసుకెళ్ళనివ్వరు, కుక్కలతో వాసన చూపించి మరీ పట్టుకుంటారు. సీలు వేసిన బిస్కెట్లకి సాధారణంగా అడ్డు చెప్పరు, అయినా ఆ రోజు కాగితం చూసుకోండి. ఊళ్ళో కన్వీనియన్స్ స్టోర్లు అడుగడుగునా ఉంటాయి. అరటిపళ్ళు, వేయించిన పప్పులు, మామూలు తెల్లన్నం ప్యాకెట్టు దొరుకుతాయి, అన్నం అక్కడే వేడి చేయించుకోవచ్చు. సాస్ వేసినవి, పులుసు ఉన్నవి వద్దు, చాలావాటిలో చేప రసం కలుస్తుంది.

కోట జంక్షన్

నమస్తే. మాది విజయనగరమే. టీచర్ గారి మీద గౌరవంతోనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. మేము వెళ్ళినప్పుడు పొద్దున్నే గ్లోవర్ గార్డెన్ చూశాం. ఓడకి నడిచే దూరం, జనం రాకముందు ప్రశాంతంగా ఉంది, రేవు మొత్తం కిందికి కనిపిస్తుంది. థామస్ గ్లోవర్ అనే స్కాట్లాండ్ వ్యాపారి 1863లో కట్టించుకున్న ఇల్లు, జపాన్‌లో మిగిలిన పాశ్చాత్య పద్ధతి చెక్క ఇళ్ళలో అదే పాతది. బొగ్గు గనులు, ఓడల మరమ్మతు, అన్నిటిలో అతని చెయ్యి ఉంది. 2015లో యునెస్కో జాబితాలో చేరింది. పక్కనే ఓరా చర్చి, 1864లో కట్టినది. ఉరకామి రైతులు 1865లో వచ్చి మేము దాక్కున్న క్రైస్తవులమని పాదిరీకి చెప్పుకున్నది ఆ చర్చిలోనే. ముందు ఇవి చూసి మనసు తేలికగా ఉంచుకుని, తర్వాత మ్యూజియంకి వెళ్ళడం నయం. పొద్దున్నే అంత బరువు మోస్తే పిల్లాడు రోజంతా డీలా పడిపోతాడు. మా పాప అలాగే అయింది, భోజనం కూడా సరిగా చేయలేదు.

అమ్మగారి మోకాళ్ళకి ఒక ఉపాయం. ముందు గేటు నుంచి ఎక్కకండి. ఇషిబషి ట్రామ్ స్టాపు దగ్గర గ్లోవర్ స్కై రోడ్ అని ఏటవాలుగా పైకి పోయే లిఫ్టు ఉంది, టిక్కెట్టు లేదు. అది ఎక్కితే తోట పై గేటు దగ్గర దిగుతారు, అక్కడినుంచి అంతా దిగుడే.

చీపురుపల్లి అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్ అండీ. రాత్రి ఇవన్నీ నాన్నకి చదివి వినిపించాను. ఉరకామి చర్చి గంట దగ్గర మళ్ళీ చదవమన్నారు. వీసా సంగతి సోంపేట తమ్ముడు చెప్పకపోతే మేము ఈ-వీసాకే అప్లై చేసేవాళ్ళం.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా ఆయన కోట జంక్షన్ గారి వైపు, నాన్న టీచర్ గారి వైపు. అమ్మ అడిగేది ఒక్కటే, మెట్లు లేకుండా తను కూర్చుని చూడగలిగే చోటు ఏదైనా ఉందా అని.

అరసవల్లి టీచరమ్మ

కోట జంక్షన్ గారూ, మీ పాప సంగతి చదివి ఆలోచించాను. పిల్లలందరూ ఒకలా ఉండరు, మీ మాటా నిజమే. అయినా వరస మార్చమని నేను చెప్పను, దానికి లెక్క ఒకటి ఉంది. దూరంగా ఉన్నది ముందు, ఓడ పక్కనున్నది చివర. తోటలో ఉండగా ఆలస్యమైతే దిగి ఓడెక్కేయొచ్చు. ఉరకామిలో ఉండగా ఆలస్యమైతే అమ్మాయి వాళ్ళ నాన్నగారిని మ్యూజియంలోంచి లాక్కురావాలి. బాబు డీలా పడితే మధ్యాహ్నం తోట, గాలి, ఓడల బొమ్మలు వాడిని తేరుకునేలా చేస్తాయి. స్కై రోడ్ మాట మాత్రం బంగారం లాంటిది, నాకు తెలియదు.

అమ్మగారి కోసం నా జవాబు దేజిమా. మీరు తిరిగి వచ్చే 1వ నంబరు ట్రామ్ దారిలోనే ఆ పేరుతో స్టాపు ఉంది. అంతా చదును నేల. పాత గోదాములు, ఇళ్ళు మళ్ళీ కట్టి లోపల చాపలతో సహా అమర్చారు. కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి.

మన జిల్లాలవాళ్ళకి అది పరాయి చోటు కాదని చెప్పాలి. 1636లో పోర్చుగీసువాళ్ళని ఊరికి దూరంగా ఉంచడానికి సముద్రంలో మట్టి పోసి విసనకర్ర ఆకారంలో చిన్న దీవి కట్టారు. వాళ్ళని తరిమేశాక 1641లో డచ్చి కంపెనీని అందులో పెట్టారు. ఒకే వంతెన, దానికి కాపలా. రెండు వందల ఏళ్ళకి పైగా యూరప్‌వాళ్ళకి జపాన్‌లో అనుమతి ఉన్న చోటు అదొక్కటే. అదే డచ్చి కంపెనీ అదే శతాబ్దంలో మన భీమిలిలోనూ ఉంది. విజయనగరం నుంచి భీమిలి ఎంత దూరం! అక్కడి డచ్చివాళ్ళ సమాధులు మీరు చిన్నప్పుడు పిక్నిక్‌లో చూసే ఉంటారు. జపాన్ రాగి దేజిమాలో ఓడలకెక్కి మన కోరమండల్ తీరానికి వచ్చేది. మన తీరంలో అద్దకం వేసిన నూలు గుడ్డలు అటు పోయేవి. వాటిని అక్కడివాళ్ళు ఎంత అపురూపంగా చూసుకునేవారంటే, టీ వేడుకల్లో వాడే ఖరీదైన పాత్రలకి ఆ గుడ్డ ముక్కలతో సంచులు కుట్టించుకునేవారు. ఇక్కడ ఎవరి ఇంట్లోనో అద్దకం చేసిన చేతుల పని అంత దూరం వెళ్ళి అంత మర్యాద పొందింది. నేను భీమిలి సమాధుల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు డచ్చివాళ్ళు వ్యాపారానికి వచ్చారు అని ఒక వాక్యం చెప్పి ఊరుకునేవాళ్ళం, పుస్తకంలో అంతే ఉండేది. ఆ వాక్యం అవతలి కొస దేజిమాలో ఉంది. బాబుకి ముందు భీమిలి చూపించి తీసుకెళ్ళండి, మీ దగ్గర ఇంకా టైముంది.

ఒకప్పుడు దీవి, ఇప్పుడు చుట్టూ మట్టి పూడ్చి ఊరు పెరిగిపోయింది, నీళ్ళు ఒక పక్కనే కాలువలా కనిపిస్తాయి. అది చూసి నిరాశపడకండి.

అందుకని నా సలహా: 1 గంట దాకా ఉరకామి, తర్వాత అందరూ దేజిమా. మీ ఆయన, బాబు అక్కడినుంచి 2 గంటలకి విడిపోయి ఇషిబషి వెళ్ళి స్కై రోడ్ ఎక్కి తోట చూసుకుని ఓడ వైపు దిగుతారు. మీరు అమ్మానాన్నలతో నెమ్మదిగా ట్రామ్‌లో రేవుకి వచ్చేయండి. కళ్ళద్దాల వంతెన, 1634 నాటిది, చాలా అందంగా ఉంటుంది. నేను కావాలనే వదిలేశాను, మీరూ వదిలేయండి. ఇనస కొండ రాత్రి చూడాల్సింది, మీకు రాత్రి లేదు.

కోట జంక్షన్

దూరంది ముందు, దగ్గరిది చివర అన్న లెక్క ఒప్పుకుంటున్నాను. చెల్లెమ్మా, అయితే మ్యూజియం నుంచి బయటికి వచ్చాక నేరుగా శాంతి పార్కుకి పోకుండా బాబుకి ఏదైనా తినిపించి, కాసేపు చెట్ల కింద ఆడుకోనివ్వండి. మేము వరసగా అన్నీ చూపించేశాం, పాపకి ఊపిరి తీసుకునే సందు లేకపోయింది. వాడి మనసు కుదుటపడితే సన్నో గుడి దగ్గర చెట్లు చూపించండి. బాంబుకి కాలిపోయి మోడైన రెండు కర్పూర చెట్లు మళ్ళీ చిగురించి ఇప్పుడు ఎంత మానులయ్యాయో చూడాలి. కిందనే ఒక్క కాలి మీద నిలిచిన రాతి తోరణం ఉంది, రెండో కాలు ఆ రోజు పోయింది. మా పాప ఆ చెట్టు చూశాకే మళ్ళీ మాట్లాడింది. మెట్లు ఉన్నాయి కాబట్టి అమ్మగారిని కింద కూర్చోబెట్టండి.

చీపురుపల్లి అమ్మాయి

ఇంట్లో ఒప్పందం అయిపోయింది. టీచర్ గారి వరస, కోట జంక్షన్ గారి లిఫ్టు, చెట్లు. ఈ ఆదివారం భీమిలి వెళ్తున్నాం. చివరిగా ఒక్కటి: ట్రామ్‌లో డబ్బులు ఎలా ఇవ్వాలి? మాకు జపాన్ భాష ఒక్క ముక్క రాదు.

సోంపేట సీమాన్

భాష అక్కర్లేదు అక్కా. వెనక తలుపులో ఎక్కి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డ్రైవరు పక్కనున్న పెట్టెలో డబ్బులు వేయాలి. ఎంత దూరమైనా ఒకటే ఛార్జీ, పిల్లలకి దాదాపు సగం. ఆ పెట్టె చిల్లర తిరిగి ఇవ్వదు, సరిపడా వేయాలి. నోటు మార్చే మెషీన్ అక్కడే ఉంది, 1,000 యెన్ల నోటు పెడితే నాణేలు వస్తాయి. ఆ పని ట్రామ్ ఆగాక కాకుండా కూర్చున్నప్పుడే చేసుకోండి, వెనక జనం ఆగిపోతారు.

మీరు చెప్పిన వరసలో ఒక్కొక్కరు నాలుగైదుసార్లు ఎక్కుతారు కాబట్టి ఒక్కరోజు పాసు తీసుకోండి, చైనాటౌన్ దగ్గర మారేటప్పుడు కూడా మళ్ళీ డబ్బులు తీసే పని ఉండదు. అది ట్రామ్ లోపల అమ్మరు. దిగగానే టెర్మినల్‌లో టూరిస్టు సమాచారం బల్ల దగ్గర అడగండి. పెద్దలకి నాలుగు, పిల్లలది ఒకటి.